తోడు సంచి

రోహిణి కార్తె, సోమవారం

ఈ చిట్టా రాయమన్నది ఓదెలు. మా ఊళ్లో వేటసంచులు కుట్టేది అతనే. "అక్కా, మంచిగుంది, మంచిగలేదు అని చెప్తే నాకేం సమజైతది? ఎక్కడ ఒరిసింది, బరువు ఎక్కడ పడ్డది, ఎంతసేపటికి పడ్డది, అన్నీ రాసి తేవాలె" అని ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టాడు. విల్లు పట్టే చేతికి కలం ఇస్తే ఇంతకంటే అందంగా రాదు. చదివేవాళ్లే సర్దుకోవాలి.

ఇవాళ ఊరందరికీ మాంసం పెంచే గంగాళంలో కోత వంతు నాది. మూత ఎత్తి కత్తి దించగానే అడ్డు లేకుండా దిగిపోయింది. పోయినేడు ఈ రోజుల్లో ముక్క తెగాలంటే కత్తి నూరుకుని వెళ్లేవాళ్లం. ఇప్పుడు అంతా నీళ్లూ పీచూ. ఇంటింటికీ పంచుతుంటే ఒక్కరూ నోరు మెదపలేదు. నాకు భయం వేసింది అందుకే. మా ఊరివాళ్లు కూరకు వంక పెట్టకుండా తీసుకుపోయే రకం కాదు.

గంగాళంలో మాంసం పెరుగుతూ ఉండాలంటే అప్పుడప్పుడు అడవిపంది కండ తోడు పడాలి, పాలలో పెరుగుచుక్క వేసినట్టు. ఊరి గొర్రెల తోడు వేసి చూశాం. మందుల మీద పెరిగిన జీవాలవి, గంగాళం పులిసి పొంగింది. ఇక అడవే దిక్కు. మృగశిర వానలు దిగితే వాగు దాటలేం, కార్తీకం దాకా ఆగాలి. అన్నాళ్లు ఈ గంగాళం బతకదు. అది చల్లారిన రోజున మా గుట్ట మీది ఊరంతా మూటలు కట్టుకుని దిగువ నగరపు గదుల్లోకి దిగాలి, ఒక్కో ఇల్లు ఒక్కో అంతస్తుకి. అట్లా దిగిన ఊళ్లు మళ్లీ కలిసింది నేను చూడలేదు.

అందుకని వేటకు పోతున్నాను, ఒక్కదాన్నే. ఎప్పుడూ నాతో వచ్చేది మా బావ గంగారాం. పోయిన చలికాలం అతని మోకాలు చేతులెత్తేసింది. ఇప్పుడు ఊరి అంచున మంచె మీద కూచుని అడవిలోంచి మేం ఎత్తే జెండా గుడ్డలు చదువుతాడు. పందిని కొట్టాక మాంసమంతా మోసుకురావాలి. చంపినదాన్ని అడవిలో పారేసి రావడం మా దగ్గర లేదు. ఇద్దరు మోసేది ఒక్క వీపు మోయాలంటే ముందు ఏ సంచో తేలాలి.

మంగళవారం

మా బావ తన పాత సంచి భుజాన వేసుకుని కుంటుకుంటూ వచ్చాడు. మందపాటి గుడ్డ, లోపల ఇనుప చట్రం.

"గీ సంచి యేసుకునే అడివంతా తిరిగిన. నాకేమైంది మరదలా?"

"మోకాలు పోయింది బావా."

కాసేపు అలిగి కూచున్నాడు. అయినా ఇసుక నింపి, ఎగదోసి నా వీపుకు ఎత్తింది అతనే. గుట్ట ఎక్కి దిగాను. న్యాయంగా చెప్పాలంటే చట్రం పనితనం గొప్పది. బరువు భుజాల మీద నిలవకుండా నడుం ఎముకల మీదికి దిగుతుంది, కాళ్లు దాన్ని తీసుకుంటాయి. కానీ ఇసుక అంతా పారబోసి ఖాళీ సంచి ఎత్తినా సగం బరువు అట్లాగే ఉంది. పోయేటప్పుడే ఇంత మోస్తే వచ్చేటప్పుడు నన్నెవరు మోస్తారు?

గురువారం

ఓదెలు కొత్త సంచి. అరిచేతిలో పెడితే ఉందో లేదో తెలియదు. చీమ రెక్కంత పలచని గుడ్డ, వీపు వైపు జాలీ. సంచి వీపుకు అంటకుండా దూరంగా నిలబడుతుంది, మధ్యలోంచి గాలి ఆడుతుంది. రోహిణి ఎండలో ఇంకేం కావాలి అనుకున్నాను.

వేసుకున్నాక నడికట్టు వచ్చి పిర్రల మీద కూచుంది. నడుస్తుంటే బాతులాగా ఊగుతున్నాను. మంచె మీదినుంచి మా బావ ఒకటే నవ్వు. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఓదెలు నా వీపు కొలవడానికి మొహమాటపడ్డాడు. మెడ ఎముక నుంచి నడుం ఎముక దాకా ఎన్ని జానలో నువ్వే కొలుచుకుని చెప్పక్కా అన్నాడు. నా వీపును నా చేత్తో కొలుచుకోలేను కాబట్టి గోడకు ఆనుకుని గీతలు పెట్టి, ఆ గీతల మధ్య నా జానతో కొలిచి చెప్పాను. అతను తన జానతో కోశాడు. ఓదెలు అరచెయ్యి విస్తరాకంత ఉంటుంది. సంచి నాకంటే పొడుగు మనిషికి తయారైంది.

"నీ జాన నా జాన ఒకటేనా? చెయ్యి చూసుకున్నవా ఎప్పుడన్నా?" అని కోప్పడ్డాను. అతను తలవంచుకుని ఆ సాయంత్రమే విప్పి కుట్టాడు. మనిషి పొడుగుతో పని లేదు, వీపు పొడుగుతోనే పని అని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

శనివారం

సరిచేసిన సంచి హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే అదే తీసుకుపోదామని మనసు లాగేసింది. కానీ రెండు పరీక్షలు మిగిలాయి.

మొదటిది చప్పుడు. మా బావను కళ్లు మూసుకుని కూచోమని, తునికి పొదల్లోంచి నడిచి వచ్చాను. "అగో, ఎవరో విస్తర్లు ఎత్తుతున్నరు" అన్నాడు. నేనింకా బాణం దూరానికి కూడా రాలేదు. ముసలి చెవులకే వినిపిస్తే పందికి వినిపించదా?

రెండోది పాలు. అడవిలో తీసిన తోడు సీసాలో గంజినీటిలో బతకాలి, ఒంటి వెచ్చదనం దాటకూడదు, తగ్గకూడదు. అందుకని గోరువెచ్చని పాలలో పెరుగుచుక్క వేసి సీసా సంచిలో పెట్టుకుని రోజంతా తిరిగాను. పెరుగు గట్టిగా పేరుకుంటే సంచి మంచిది. సాయంత్రం తీసి చూస్తే పాలు పులిసి విరిగిపోయాయి. వీపుకు తగిలిన చల్లగాలి నాకు సుఖం, సీసాకు మాత్రం అటువైపునుంచి ఎండ. ఓదెలు ఆ విరిగిన పాల వాసన చూశాడు. సంచి తీసుకుని వెళ్లిపోయాడు. నాకు జాలి వేసింది, కోపం కూడా వచ్చింది, ఆకాశం అప్పటికే పడమర వైపు మబ్బు పట్టి ఉంది.

మంగళవారం

ఓదెలు నిద్రపోయినట్టు లేడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తెచ్చింది గొంగడి సంచి. వాళ్ల నాయన కప్పుకున్న గొంగడే కోసేశాడు.

"గొర్లోళ్లు ఎండకు ఇదే కప్పుతరు, వానకు ఇదే, సలికి ఇదే. నాకు ముందే తట్టాలె అక్కా. తెల్వితక్కువోన్ని."

చట్రానికి ఇనుము బదులు వెదురు బద్దలు. నడికట్టు వెడల్పుగా, లోపల ఉన్ని కూరి ఉంది. వీపుకు ఆనేచోట, వెన్నెముక గాడిలో, సీసాకు ఒక జేబు. వేసుకుని పొదల్లోంచి వస్తే మా బావ నేను భుజం తట్టేదాకా కళ్లు తెరవలేదు. సాయంత్రం సీసా బోర్లిస్తే పెరుగు జారలేదు. ఓదెలు వేలితో తీసుకుని నాకాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

లోపాలు కూడా రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. వీపంతా చెమట. ఉన్ని గుచ్చుకుంటుంది, మెడ దగ్గర దురద. పలచ సంచికంటే బరువే. అయినా బరువు నడుం మీద ఆనితే మనిషి చెమటను భరిస్తాడు, భుజాలు కోసుకుపోతే భరించలేడు. ఇదే నా సంచి. రేపు బయలుదేరుతాను.

"తోడు లేకుండ పోతున్నవు" అన్నాడు మా బావ. నేను వినపడనట్టు పట్టీలు సర్దుకున్నాను.

బుధవారం

సరిహద్దు రాయి దగ్గర మామూలే. చేతిగడియారం విప్పి గూట్లో పెట్టాను, మెడలోని పిలుపు బిళ్ల తీసి పెట్టాను. కరెంటు చుక్క ఉన్నది ఏదైనా సరే, రాయి దాటితే మిడతలు వదలవు. అవి ఎవరి కాలంలో వదిలిన యంత్రాలో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అడవిని కాపాడమని చెప్పి వదిలారట, కాపాడుతూనే ఉన్నాయి. నిరుడు ఒకతను గడియారం మరచిపోతే మణికట్టు తోలు కూడా లేచిపోయింది. ఎగిరే బండ్లూ రావు, బ్యాటరీ దీపాలూ రావు. రెండు కాళ్లూ ఒక సంచీ, అంతే.

సంచిలో: అటుకులు, బెల్లం, ఎండుచేపలు, నీళ్ల తిత్తి, తాళ్లు, గంజినీటి సీసాలు, ఉప్పు, కత్తి, జెండా గుడ్డలు. మూట కిందికి బరువైనవి, వీపుకు దగ్గరగా. ఇది మాత్రం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

వాగు మోకాలి లోతు కూడా లేదు. గులకరాళ్లు తేలి కనిపిస్తున్నాయి. దాటి అవతల పెద్ద గుండురాయి కింద మకాం వేశాను.

శుక్రవారం

నిన్నంతా ఆనవాళ్లే, పంది లేదు. ఇవాళ బురదగుంట దగ్గర దొరికింది. గాలి నా మొహం మీదికి ఉంది. సంచి దించకుండానే పొదలో కూచుని విల్లు లాగాను. పలచ సంచి అయితే ఆ కదలికకే చప్పుడయ్యేది. బాణం జబ్బ వెనక దిగింది. ఎక్కువ దూరం పోలేదు.

ఒళ్లు వెచ్చగా ఉండగానే జబ్బ లోపలి కండ తీసి సీసాలో వేశాను. సీసా వెన్ను జేబులోకి పోయింది. గుండురాయి ఎక్కి పసుపు గుడ్డ ఎత్తి నిలబెట్టాను. పసుపు అంటే తోడు. నిలబెడితే ఉంది అని, ఊపితే కావాలి అని. చాలాసేపటికి మంచె మీద తెల్లగుడ్డ గిరగిరా తిరిగింది. మా బావ కుంటికాలితో గంతులు వేస్తున్నట్టున్నాడు. నేను కూడా ఇక్కడ ఒక్కదాన్నే కేక వేశాను, సిగ్గు లేకుండా.

మాంసం తునకలు కోసి గుండు కింద పొగకు కట్టాను. ఆరితే బరువు తగ్గుతుంది.

శనివారం

మృగశిర ఇంకా రాలేదు, వాన వచ్చేసింది. తెల్లారేసరికి వాగు చప్పుడు మారిపోయింది. పోయి చూస్తే నడుం దాటి ఎర్రగా పారుతోంది. ఒక్కదాన్ని దిగితే కొట్టుకుపోతాను. అవతల ఒడ్డున తాడు కట్టే మనిషి ఒక్కడు ఉంటే చాలు, దాటేస్తాను. ఇద్దరం వచ్చే రోజుల్లో వాన పట్టినప్పుడల్లా మా బావ ముందే అవతలి ఒడ్డున ఆగేవాడు. అందుకే ఈ చిక్కు మాకు ఎన్నడూ రాలేదు.

వాన కాస్త తెరిపి ఇవ్వగానే గుండురాయి ఎక్కి పసుపు గుడ్డ ఊపాను. తోడు కావాలి. మంచె మీద చాలాసేపు ఏ గుడ్డా లేవలేదు. తర్వాత తెల్లగుడ్డ ఒక్కసారి ఎత్తి దించాడు. అర్థమైంది అని. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. రేపు ఎవరో ఒకరు తాడు పట్టుకోవడానికి వస్తారు.

ఆదివారం

సీసా బాగాలేదు. గంజినీళ్లు రోజూ మార్చాలి, తెచ్చుకున్నవి అయిపోయాయి. దారిలో ఒక గంజినీళ్ల సీసా రాయికి తగిలి పగిలింది. మొన్న ఎర్రగా ఉన్న కండ ఇవాళ తెల్లబారింది, నీళ్లు మసకబారాయి. నా వీపు వెచ్చదనం ఉంది, గొంగడి చేయగలిగింది చేసింది, కానీ దానికి తిండి లేదు. అటుకులు ఉడికించి వార్చిన నీళ్లు పోద్దామనుకున్నాను. పొయ్యి అంటుకుంటే కదా. సీసా ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం అవతలి ఒడ్డున ఎవరో కేకేశారు. చూద్దును కదా, ఓదెలు! అడవిలో ఎన్నడూ కాలు పెట్టని మనిషి. నేను వద్దన్న ఆ పలచ సంచే వేసుకుని వచ్చాడు, ఇక్కడిదాకా దాని గరగర వినిపిస్తోంది. చొక్కా బారుగా తెరుచుకుని ఉంది. చల్లదనం ఇచ్చే గుండీల చొక్కా అది, గుండీలన్నీ మిడతలు తినేశాయి. సంచి పట్టీలతో చొక్కా మూసి పట్టుకున్నాడు.

"అక్కా! తోడు తెచ్చిన!" అని చెయ్యెత్తాడు. చేతిలో సీసా.

"ఏం తోడు?"

"గంగాళంల నీళ్లు! నీ తోడు చచ్చిపోయినట్టుందని మీ బావ ఏడుస్తున్నడు. ఉన్న గంగాళం నీళ్లన్నా పట్కపో, కండను మళ్ల అండ్ల పెట్టి చూస్తదేమో అన్నడు!"

నాకు తల ప్రాణం తోకకు వచ్చింది. ఒక్క గుడ్డకు ఒక్క మాట పెట్టుకున్నాం, ఆ మాటకు రెండు అర్థాలున్నాయని ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు. ఇద్దరం పోయే వేటలో మనిషి తోడు అడిగే అవసరమే రాలేదు మరి.

"నేనడిగింది సీసా కాదయ్యా, మనిషిని!" అని అరిచాను.

అతను సీసా వైపు చూశాడు, వాగు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నేను మనిషినే గదక్కా!"

ఆ వానలో, ఆ వాగు రొదలో, నవ్వి నవ్వి నా కడుపు నొప్పెట్టింది. అతనూ నవ్వాడు, ఎందుకో తెలిసి కాదు.

బాణానికి తాడు కట్టి అవతలికి కొట్టాను. ఓదెలు దాన్ని ఇప్పచెట్టుకు కట్టాడు. కుట్టేవాడి ముడి కదా, గట్టిగా లాగి చూశాను, జరగలేదు. ముందు సంచి. మాంసమంతా నింపి తాడు మీద వేలాడదీస్తే ఇంకో బాణంతో పంపిన రెండో తాడుతో అతను లాక్కున్నాడు. తడిసిన గొంగడి, లోపల పంది, మధ్యలో నీళ్లు తగిలి సంచి మెలి తిరిగింది. తన కుట్లు తెగుతాయేమో అని ఓదెలు పళ్లు బిగించి చూస్తున్నాడు. ఒక్క కుట్టు కూడా వదలలేదు. తర్వాత నేను, సీసా రవికలో దోపుకుని, తాడు పట్టుకుని దిగాను. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఒకసారి కాలు లేచిపోయింది. ఓదెలు నీళ్లలోకి దిగి నా మణికట్టు పట్టుకున్నాడు. అతనికి ఈత రాదని ఒడ్డెక్కాక చెప్పాడు.

సీసాలో మసకనీళ్లు వంచేసి గంగాళం నీళ్లు కొద్దికొద్దిగా పోశాం. ఆ గంగాళం మాంసం పెంచలేని ముసలిదే, కానీ దాని నీళ్లల్లో పెరుగుదలకు కావలసిన తిండి ఇంకా ఉంది. గంజినీళ్లకంటే నయమని మేమెవరం ఎప్పుడూ అనుకోలేదు, పోసి చూడలేదు. సీసా మళ్లీ వెన్ను జేబులో పెట్టి, వీపుకు అదిమి కట్టుకుని, చెట్టు కింద కూచున్నాను. ఓదెలు ఎదురుగా కూచున్నాడు. వెలుగు ఉండగానే తీసి చూశాం. కండ అంచున సన్నని ఎరుపు తిరిగి వచ్చింది.

"గా రంగే మంచిదా అక్కా?"

"అదే మంచిది."



సోమవారం

మాంసం రెండు సంచుల్లోకి పంచుకుని నడిచాం. తను కుట్టిన సంచిలో బరువేసుకుని నడవడం ఓదెలుకు ఇదే మొదలు.

"అక్కా, గీ పట్టీ భుజాన్ని కోస్తుంది."

"రాసుకో."

కొంచెం దూరం పోయాక, "నడుం మీదికి దిగుతలేదు అక్కా."

"అదీ రాసుకో."

ఆ తర్వాత ప్రతి రాయి దగ్గరా ఆగి పట్టీలు విప్పి చూసుకుంటున్నాడు. దారి మధ్యలో తను కట్టుకున్న పంచె చించి నడికట్టు చేసుకున్నాడు. వెనకనుంచి చూస్తే ఊళ్లోకి ఎట్లా పోతాడో అని నాకు దిగులు పట్టుకుంది. తడిసిన గొంగడి మాత్రం చాలా బరువు. దానికి నెయ్యో మైనమో పట్టించాలి. ఇది ఓదెలు కోసం రాస్తున్నాను, మర్చిపోకూడదు.

మృగశిర కార్తె, గురువారం

మొన్న తోడు వేశాం. గంగాళం చుట్టూ ఊరంతా చేరింది. ఎవరూ మూత ముట్టుకోవద్దని మా బావ కర్ర పట్టుకుని కాపలా కూచున్నాడు. జెండాను తప్పు చదివానన్న బాధ ఇంకా పోలేదు అతనికి. "నువ్వు తప్పు సదివినవు గనకనే బతికింది బావా" అని ఎన్నిసార్లు చెప్పినా తల తిప్పుకుంటాడు.

ఇవాళ పొద్దున మూత ఎత్తాడు. కత్తి నా చేతికి ఇచ్చాడు. నేను దించాను. కత్తి ఆగింది. ఇంకొంచెం నొక్కితే గానీ తెగలేదు. ముక్క పైకి తీస్తే గట్టిగా, ఎర్రగా ఉంది.

"తోడుకుంది!" అని మా బావ అరిచిన అరుపుకు గుట్ట కింద కుక్కలు మొరిగాయి. ఇంకెక్కడికీ దిగనక్కర్లేదు, ఎవరూ మూటలు కట్టనక్కర్లేదు. ఎవరెవరో నన్ను పట్టుకుని ఊపేశారు. వెనకనుంచి ఒకావిడ అప్పుడే, పోయినేడు ముక్క ఇంతకంటే పెద్దగా కోసేదానివి అని వంక పెట్టింది. ఆ వంక విని కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు.

జనం సద్దుమణిగాక ఓదెలు వచ్చి పక్కన నిలబడ్డాడు. నా సంచి నడికట్టు చేత్తో సవరిస్తూ, నా మొహం చూడకుండా అడిగాడు.

"అక్కా, మళ్ల ఎప్పుడు పోదాం?"

నేను వేటకు పోవడం మొదలుపెట్టిన నాటినుంచి అతను ఎప్పుడు సంచి ఇచ్చినా "ఎప్పుడు పోతవక్కా" అనే అడిగాడు.

"వాగు తగ్గంగనే" అన్నాను.